హాట్ రాడ్ కడుతున్నారా? ఇంజిన్ సంగతి ఆఖర్న చూద్దాం

గరాజులో పాత అమెరికన్ కారుతో హాట్ రాడ్ కడుతున్నానని చెప్పిన మరుక్షణం ఎవరైనా అడిగేది ఒకటే: "ఏ ఇంజిన్ పెడుతున్నావ్?" మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల చదువుల కంటే ముందు ఇదే అడుగుతాడు. "ఇంకా కొనలేదా బావా?" అని నిట్టూరుస్తాడు కూడా. కార్ల గురించి ఓనమాలు తెలియనివాళ్ళు సైతం ఎన్ని హార్స్‌పవర్లో కనుక్కోకుండా వదలరు. బ్రేకులు ఏవి వేస్తున్నావు, స్టీరింగ్ బాక్సు ఏ కారుది అని అడిగిన మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సొంత డబ్బుతో, తీరిక దొరికినప్పుడు, ఇంటి గరాజులో ఈ పని పెట్టుకున్నవాళ్ళు ఇంజిన్‌ని చిట్టచివర కొనాలి. రంగు ఇంకా ఆ తర్వాత. ముందు కారు ఆగాలి, తర్వాత తిన్నగా పోవాలి, అవి రెండూ తేలాకే పరుగెత్తడం గురించి ఆలోచించాలి. ఈ మాట ఈ పనిలో తలపండినవాళ్ళ దగ్గర అన్నప్పుడు, పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి పందిరి వేస్తావా అన్నట్టు చూస్తారు. చూడనీయండి.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. 1949కి ముందు తయారైన అమెరికన్ కారు ఒకటి, ఎక్కువగా ఫోర్డు, పట్టుకొచ్చి, మడ్‌గార్డులు పీకి, బరువు తగ్గించి, నేలకి దించి, దానికంటే బలమైన ఇంజిన్ తగిలిస్తే అది హాట్ రాడ్. ఫోర్డులే ఎందుకంటే చవగ్గా కుప్పలుతెప్పలుగా దొరికేవి అవే. మోడల్ టీ ఒక్కటే 1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైంది. దాని వెనకే 1931 దాకా మోడల్ ఏ వచ్చింది, నాలుగు సిలిండర్లు, 40 హార్స్‌పవర్. 1932లో ఫోర్డు మొత్తం బ్లాకుని, అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మని, ఒకే పోతగా పోసి, సామాన్యుడు కొనగలిగే ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజిన్) తెచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. ఇవాళ వింటే నవ్వొచ్చే అంకె, ఆ రోజుల్లో మాత్రం పెద్ద సంచలనం. ఆ 1932 కారునే ఇక్కడ అమెరికాలో 'డ్యూస్' అని ముద్దుగా పిలుస్తారు, ధర కూడా ఆ ముద్దుకి తగ్గట్టే ఉంటుంది. నాది అది కాదు. నాది మోడల్ ఏ రోడ్‌స్టర్, అంటే గట్టి పైకప్పు లేని కారు.

ఇంజిన్ పిచ్చి ఎక్కడ మొదలైందో చూస్తే దాని మీద కోపం రాదు. 1930లలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కుర్రాళ్ళు ఈ కార్లేసుకుని మొహావీ ఎడారిలోని ఎండిన సరస్సులకు పోయేవాళ్ళు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అలాంటివే. అక్కడికి చేరాక హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, ముందద్దం విప్పి పక్కన పెట్టి, గట్టిపడిన మట్టి నేల మీద వేగం కొలిపించుకుని, మళ్ళీ అన్నీ బిగించుకుని ఇంటికి వచ్చేవాళ్ళు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి ఈ సరదాకి ఒక పద్ధతి తెచ్చింది. మ్యూరాక్ తర్వాత సైన్యం చేతికి పోయింది, ఇప్పుడక్కడ ఉన్నది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. 1949 నుంచి యూటాలోని బాన్‌విల్ ఉప్పు మైదానం కూడా తోడైంది.

ఆ సరస్సు మీద ఏం ఉండదో ఒక్కసారి ఊహించండి. రెడ్ లైటు లేదు, సందు మలుపు లేదు, బంతి వెనక పరుగెత్తుకొచ్చే పిల్లాడు లేడు. మైళ్ళ కొద్దీ చదును నేల. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే కారు దానంతటదే నెమ్మదిస్తుంది. అక్కడ ఇంజినే సర్వస్వం అనుకోవడంలో తప్పులేదు. ఆ సరస్సు నియమాన్ని తెచ్చి మన వీధిలో పెట్టుకోవడంతోనే నాకు పేచీ. పైగా ఆ కుర్రాళ్ళు మనం అనుకున్నంత అజాగ్రత్తపరులేం కాదు. ఫోర్డు కార్లకు 1938 దాకా బ్రేకులు రాడ్లతో, కేబుళ్ళతో లాగేవే. 1939లో హైడ్రాలిక్, అంటే ఆయిలు ఒత్తిడితో పనిచేసేది, వచ్చిందో లేదో, ఆ బ్రేకుల్ని పాత కార్లకు తగిలించడం హాట్ రాడర్లలో ఆనవాయితీ అయిపోయింది. 1939 నుంచి 1948 దాకా వచ్చిన ఆ 12 అంగుళాల డ్రమ్ములు ఇప్పటికీ తుక్కు సంతల్లో చేతులు మారుతున్నాయి. సంప్రదాయం, సంప్రదాయం అని గుండెలు బాదుకునేవాళ్ళు ఈ భాగాన్ని ఎందుకో గట్టిగా చెప్పరు.

ఇక నా అసలు వాదన. మొత్తం వ్యవహారంలో ఇంజిన్ ఒక్కటే ఇంకెవరో పూర్తిచేసి మన చేతికిచ్చే వస్తువు. షెవ్రొలే 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలుపెట్టిన స్మాల్ బ్లాక్ వీ8నే తీసుకోండి. దశాబ్దాల తరబడి కోట్లలో తయారైంది. దాని లోపాలు తెలుసు, మందులూ తెలుసు. కొత్తది కావాలంటే చెక్కపెట్టెలో, వారంటీ కాగితంతో సహా ఇంటికి వస్తుంది. కానీ 1930 నాటి చాసిస్ (కారు అడుగు చట్రం), 1940 నాటి బ్రేకులు, 1970ల నాటి స్టీరింగ్ బాక్సు, ఇంకేదో పికప్ నుంచి పీకిన వెనక డిఫరెన్షియల్ (చక్రాలకు బలం పంచే గేర్లపెట్టె), ఈ నాలుగింటికీ కుదిర్చిన సంబంధాన్ని ఎవరు పరీక్షించారు? ఏ కంపెనీ ఇంజినీరూ పరీక్షించలేదు. ఆ కూర్పు లోకంలో ఒక్క నా గరాజులోనే ఉంది. మరి డబ్బు, శ్రద్ధ, నిద్రపట్టని రాత్రులు దేనికి ఖర్చు కావాలి?

బ్రేకు పెడల్ సంగతే చూద్దాం. పెడల్ మీద కాలి బలాన్ని బ్రేకు ఆయిలు ఒత్తిడిగా మార్చేది మాస్టర్ సిలిండర్. పెడల్ తిరిగే పిన్ను నుంచి మనం తొక్కే చోటు 12 అంగుళాలు, అదే పిన్ను నుంచి మాస్టర్ సిలిండర్‌ని తోసే రాడ్డు 2 అంగుళాలు ఉందనుకోండి. నిష్పత్తి ఆరు. కాలితో 100 పౌండ్లు వేస్తే రాడ్డు మీద 600 పడతాయి. మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) ఒక అంగుళమైతే పిస్టన్ వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు, అంటే బ్రేకు లైన్లో ఒత్తిడి దాదాపు 764 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). బోరు 7/8 అంగుళానికి తగ్గిస్తే అదే కాలి బలానికి ఒత్తిడి వెయ్యి దాకా పోతుంది. బదులుగా పెడల్‌ని ఇంకాస్త లోతుగా తొక్కాలి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. పెద్ద సిలిండర్ వేస్తే పెద్ద బ్రేకు వస్తుందని ఎక్కడలేని బోరుదీ తెచ్చి పెడతారు, పెడల్ బిగుసుకుపోతుంది, కారు ఆగదు. అంతకంటే ఎక్కువ జరిగేది ఇంకోటి ఉంది. మోడల్ ఏ లో కాళ్ళు పెట్టుకునే చోటు ఇరుకు. పట్టడం లేదని పెడల్‌ని 8 అంగుళాలకు కోసేస్తారు. నిష్పత్తి నాలుగుకి పడిపోతుంది, 764 కాస్తా 510 దగ్గర కూర్చుంటుంది. కోసిన ఆ నాలుగు అంగుళాలు ఎవరి కంటికీ కనబడవు. ఫొటోల్లో అసలే కనబడవు.

మాస్టర్ సిలిండర్ పెట్టే చోటు కూడా ఒక తగాదాయే. ఈ కార్లలో అది డ్రైవర్ కాళ్ళ కింద, చాసిస్ పట్టీ పక్కన ఒదుగుతుంది. అంటే చక్రాల దగ్గరి సిలిండర్ల కంటే దిగువన. కారు కాసేపు నిలబెడితే బ్రేకు ఆయిలు మెల్లగా వెనక్కి జారుతుంది, తర్వాత మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేలకి తగులుతుంది. దీనికి విరుగుడు లైన్లో పెట్టే చిన్న రెసిడ్యువల్ వాల్వు: డిస్క్ బ్రేకులకు 2 పీఎస్‌ఐది, డ్రమ్ములకు 10ది. రెండూ తారుమారైతే డిస్కులు రాసుకుంటూ వేడెక్కుతాయి. చేతిలో పట్టేంత ఇత్తడి ముక్క. దాని గురించి ఒక్కడు కూడా గొప్పలు చెప్పుకోడు.

బ్రేకు లైన్లు వేయడం నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టం. 3/16 అంగుళాల గొట్టాన్ని కట్టర్‌తో తెంపి, లోపలి అంచు బరక తీసి, బయటి అంచుని ఆకురాయితో కొద్దిగా వాలుగా రాయాలి. నట్టు ముందే ఎక్కించుకోవాలి. క్లాంపులో బిగించి, డై (మొనకి ఆకారమిచ్చే చిన్న అచ్చు) మెట్టుకి సరిగ్గా సమానంగా గొట్టం పైకి ఉండేట్టు చూసుకుని మొదటిసారి నొక్కితే మొన ఉబ్బుతుంది. డై తీసి మళ్ళీ నొక్కితే ఆ ఉబ్బు లోపలికి మడతపడి రెండు పొరల గరాటు తయారవుతుంది. టార్చి వేసి చూడాలి. అంచు ఒక పక్కకి ఒరిగినా, వెంట్రుకంత చీలిక కనబడినా తెంపి మళ్ళీ మొదలు. డబుల్ ఫ్లేర్ అనే ఈ గరాటు మామూలుగా 45 డిగ్రీలది. రేసు కార్ల ఫిట్టింగులు 37 డిగ్రీలవి. రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, ఒకదానిలో ఒకటి బిగుస్తాయి కూడా, కాకపోతే ఒత్తిడి పడ్డాక కారతాయి.

స్టీరింగ్ దగ్గర కథ మరీ సూక్ష్మం. పాత ఫోర్డు ముందు ఇరుసు ఒకే దూలం, దాని పైన అడ్డంగా ఒకే ఒక కమాను కట్ట. రెండు చివర్లా షాకిళ్ళు, అంటే కట్టని ఇరుసుకి కలిపే ఊగే లింకులు. ఆ షాకిళ్ళ వల్ల ఇరుసు కొంచెం ఎడమకీ కుడికీ ఊగుతుంది. షెవ్రొలే వేగా అనే చిన్న కారు నుంచి తీసిన స్టీరింగ్ బాక్సు పెట్టడం ఇక్కడ చాలా మామూలు, అది చిన్నది, చక్కగా ఒదుగుతుంది. కానీ దాని లింకు కారుకి అడ్డంగా, ఒక పక్క నుంచి రెండో పక్కకి తోస్తుంది. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరగడానికి బదులు మొదట ఇరుసే పక్కకి జరుగుతుంది. అందుకే పాన్‌హార్డ్ బార్ అని ఇరుసుని పక్కకి పోకుండా చాసిస్‌కి కట్టే రాడ్డొకటి వేయాలి. ఏదో ఒక రాడ్డు వేస్తే చాలదు. అది స్టీరింగ్ లింకుకి సమాంతరంగా, వీలైనంత అదే పొడవులో ఉండాలి, లేకపోతే గతుకు తగిలినప్పుడు రెండూ రెండు వేర్వేరు వృత్తాల్లో కదిలి చక్రాన్ని మన ప్రమేయం లేకుండానే తిప్పేస్తాయి. పరీక్ష సులభం: ఒకరు స్టీరింగ్ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు చాసిస్ ముందు భాగం మీద నిలబడి కిందికీ పైకీ ఊపాలి, మూడో మనిషి టైరు వైపు చూడాలి. టైరు తల ఊపిందంటే పని మిగిలి ఉన్నట్టే.

కింగ్‌పిన్ వాలు ఇంకోటి. ఇరుసు చివర చక్రం ఎడమకీ కుడికీ తిరిగేది ఈ పిన్ను చుట్టూనే. ఇలాంటి దూలం ఇరుసుకి పిన్ను పైభాగం వెనక్కి 5 నుంచి 7 డిగ్రీలు వాలి ఉంటే కారు తిన్నగా పోతుంది. తక్కువైతే రోడ్డంతా తనదే అన్నట్టు తిరుగుతుంది. హాట్ రాడ్‌కి అందం తెచ్చేది ముందు దిగి వెనక లేచిన ఆ భంగిమే కదా, సరిగ్గా అదే ఈ వాలుని తినేస్తుంది. వెనక ఎత్తు పెంచిన ప్రతి డిగ్రీకి ఇక్కడ ఒక డిగ్రీ పోతుంది. కాబట్టి ఎత్తు ఖరారయ్యాక, బరువంతా పడ్డాక కొలవాలి.

ఇక్కడే ఎదుటి పక్షం వాళ్ళు నన్ను పట్టుకుంటారు, సబబుగానే. "ఇంజిన్ లేకుండా బరువెలా పడుతుందయ్యా? ఇంజిన్‌ని బిగించే మౌంట్లు ఎక్కడ వెల్డ్ చేస్తావు? గేరుబాక్సు నుంచి వెనక్కి పోయే జాయింట్ షాఫ్టు కోణం ఎలా తెలుస్తుంది?" నిజమే, ఇంజిన్ ఆకారం తెలియకుండా చాసిస్ కట్టలేం. ఏ ఇంజినో నిర్ణయించుకోవడం మొదట్లోనే జరగాలి. కొనడమే చివర జరగాలి. ఫోర్డు ఫ్లాట్‌హెడ్ (వాల్వులు బ్లాకులోనే ఉండే ఆ పాత వీ8) బ్లాకులకు వాల్వు సీటుకీ సిలిండర్‌కీ మధ్య పగుళ్ళు రావడం మామూలు. పగిలిన బ్లాకు మెషిన్ షాపులో తిరగ్గొట్టింది ఎవరి గరాజు మూలనో పడి ఉంటుంది, ఇనుము ధరకే ఇచ్చేస్తారు. అది జన్మలో స్టార్టవదు. మనకి కావలసింది దాని బోల్టు రంధ్రాలు, బరువు మాత్రమే. పాత హెడ్లు, ఖాళీ గేరుబాక్సు కేసింగు తగిలించి, మిగిలిన బరువుకి ఇసుక సంచులు పెడితే కమాను కట్ట ఎంత దిగాలో అంత దిగుతుంది. స్మాల్ బ్లాక్ వాళ్ళకైతే కొలతలకు పనికొచ్చే డొల్ల నమూనా బ్లాకులే అమ్ముతారు. నా కారులో ఇప్పుడు కూర్చుని ఉన్నది అలాంటి పగుళ్ళ బ్లాకే. రెండు సిలిండర్ల నడుమ బొటనవేలంత పగులు, దాని మీద ఎవరో సుద్దముక్కతో గీసిన అడ్డగీత ఇంకా చెరిగిపోలేదు.

కొత్త ఇంజిన్ ముందే కొని మూల పెట్టుకుంటే జరిగేది నాకు తెలిసినవాళ్ళ దగ్గర చూస్తూనే ఉన్నాను. వారంటీ గడియారం కొన్న రోజు నుంచే నడుస్తుంది. ఈ పనులు వారాలతో తెమిలేవి కావు, ఏళ్ళు పడతాయి. క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) మీద పూసిన నూనె కిందికి కారిపోతుంది, సిలిండర్ గోడలకు తుప్పు మొదలవుతుంది. మొదటిసారి స్టార్ట్ చేసే రోజుకి వారంటీ ఉండదు, ఇంజిన్ కొత్తదీ కాదు. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మెరిసే ఇంజిన్ కళ్ళ ముందుంటే మనిషి ఆగలేడు. అది తిరగాలి, చప్పుడు వినాలి అని ఆత్రపడి బ్రేకు లైన్లు తాత్కాలికంగా అని వేసేస్తాడు. తాత్కాలికంగా వేసినవి తర్వాత విప్పినవాణ్ణి నేను చూడలేదు.

అన్నట్టు, ఇంజిన్ చివర్న అన్నానని కారుతో వచ్చిన పాత ఇంజిన్‌ని తుక్కుకి వేసేయకండి. మోడల్ ఏ కాగితాల్లో ఉండే నంబరు ఇంజిన్ బ్లాకు మీద కొట్టిందే. అదే నంబరు చాసిస్ మీద కూడా ఉంటుంది గానీ బాడీ కింద దాక్కుని ఉంటుంది, బాడీ లేపితే తప్ప కనబడదు. నంబరు, టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) లేని కారు చట్టం దృష్టిలో ఇనుప సామాను. రాష్ట్రానికో తీరు ఉంటుంది ఇక్కడ. కాలిఫోర్నియాలో సొంతంగా కట్టిన కార్లకు పొగ పరీక్షలో వెసులుబాటిచ్చే ధ్రువపత్రాలు ఏడాదికి 500 మాత్రమే. మొదటి నట్టు విప్పకముందే మీ రాష్ట్రం నియమాలు చదువుకోండి.

అలాగే చెక్కుచెదరని పాత కారు దొరికితే దాన్ని కోయకండి. 1940లలో మోడల్ ఏ ని కోసినవాడు ఎవరికీ అక్కర్లేని కారుని కోశాడు. ఇప్పుడు తొంభై ఏళ్ళు తట్టుకుని నిలబడ్డదాన్ని మనం కోస్తే ఆ పోలిక చెల్లదు. ఒహాయోలోని బ్రూక్‌విల్ రోడ్‌స్టర్ వాళ్ళు కొత్త ఉక్కు రేకుతో మోడల్ ఏ బాడీలు అచ్చు అలాగే కొట్టి ఇస్తున్నారు. కాదంటే తుప్పుపట్టి సగం పోయినవి ఎన్ని లేవు? రేకు పని నేర్చుకోవాలన్నా అవే మంచివి. వెల్డింగ్ వేడికి రేకు చల్లారుతూ ముడుచుకుంటుంది కాబట్టి ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు అవతల వేసుకుంటూ పోవాలి. తలుపులు బిగించి ఉంచి, లోపల అడ్డంగా గొట్టాలు వెల్డ్ చేశాకే అడుగు భాగం కోయాలి, లేకపోతే తలుపు మళ్ళీ జన్మలో పడదు.

ఇంటి గరాజు కాబట్టి రెండు ప్రాణాపాయాల గురించి చెప్పకుండా ఉండలేను. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనర్‌తో తుడిచిన లోహం మీద ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. డబ్బా మీద క్లోరిన్ లేనిదని రాసి ఉన్నదే గరాజులోకి రానివ్వండి. రెండోది పెట్రోలు ఆవిరి. అది గాలి కంటే బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. చాలా ఇళ్ళలో గ్యాసు వాటర్ హీటర్ ఉండేది అదే గరాజులో. దాని మంటని నేలకి 18 అంగుళాల ఎత్తున పెట్టాలనే నిబంధన ఉన్నది ఇందుకే. ట్యాంకు విప్పే పని ఏదైనా తలుపు ఎత్తి, బయటే. ఇంజిన్ ఆఖర్న వస్తే పెట్రోలు కూడా ఆఖర్నే వస్తుంది, ఇది నా వాదనకి అడక్కుండా దొరికిన సాక్షి.

రంగు సంగతి క్లుప్తంగా. ప్రైమర్‌లోనే మొదట కొన్ని వందల మైళ్ళు తిప్పండి. ఎక్కడో గొట్టం రాసుకుంటుంది, ఎక్కడో వెల్డింగ్ దగ్గర పగులు వస్తుంది, మళ్ళీ గ్రైండర్ పెట్టాల్సి వస్తుంది. బ్రేకు ఆయిలు ఒలికితే రంగు పొక్కిపోతుంది. అన్నీ విప్పి, సరిచేసి, అప్పుడు వేయించుకోండి ఎంత ఖరీదైన రంగైనా.

ఇంతకీ ఏ ఇంజిన్ అంటారా? నా ఓటు 1940ల నాటి 59ఏ ఫ్లాట్‌హెడ్‌కి, 239 క్యూబిక్ అంగుళాలది. సుఖం కోసం కాదు. దాని పొగ దారులు బ్లాకు లోపల నీళ్ళ గదుల పక్క నుంచే పోతాయి, పక్కకి నాలుగు సిలిండర్లకి మూడే నోళ్ళు, నడిమి రెండూ ఒకే దారి పంచుకుంటాయి. అందుకే వేడెక్కుతుంది. నీళ్ళ గదుల్లో పోత ఇసుక ఇంకా మిగిలి ఉంటే మరీ. అదే డబ్బుకి స్మాల్ బ్లాక్ రెండింతల బలమిచ్చి, ఎక్కడ ఆగినా ఏ దుకాణంలోనైనా విడిభాగాలు దొరికేట్టు చూస్తుంది. రోజూ ఆఫీసుకి నడపాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని అదే వేసుకోవచ్చు, నేను వేలెత్తి చూపను. నాకు 59ఏ చప్పుడు ఇష్టం, పైగా మోడల్ ఏ ఇరుకు బానెట్ కింద అది ఒదిగే తీరు ఇష్టం. కొనేముందు బ్లాకుని శుభ్రంగా ఉడికించి, అయస్కాంత పరీక్ష చేయించి, పగుళ్ళు లేవని రాసిన కాగితం చేతికొచ్చాకే డబ్బు ఇస్తాను. ఆ డబ్బు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంది. వెనక చక్రాలకు పార్కింగ్ బ్రేకు కేబుల్ లాగడం అయ్యాక, మా ఇంటి ముందు వాలులో బండిని ఇంజిన్ లేకుండా దొర్లించి ఆపి చూశాకే అది కదులుతుంది.